గుండె జబ్బు మనిషికి ‘రెస్ట్’ అని రాసే ముందు: గుండె వైద్యులకు, ఆరోగ్య పథకాల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గుండె వైద్యులకు, ప్రభుత్వ ఆరోగ్య పథకాలు నడిపే అధికారులకు,

నమస్కారం. నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాను. 2022లో ఒక అర్ధరాత్రి నా భార్యకు గుండెపోటు వస్తే గంటలో స్టెంటు వేసి నిలబెట్టిన డాక్టరుగారిని మా ఇంట్లో ఇప్పటికీ రోజూ తలుచుకుంటాం. ఆ కృతజ్ఞత ఉంచుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుండె వైఫల్యం, అంటే గుండె నీరసించి రక్తాన్ని సరిగా పంపలేని జబ్బు ఉన్నవాళ్లకు ‘రెస్ట్’ అని మాత్రమే రాసి, ఎంత వ్యాయామం చెయ్యొచ్చో చెప్పకపోవడం గురించే నా బాధ. ఇదే విషయం మీద ఒక ఆసుపత్రికి, ఒక ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో ఉత్తరాలు పంపాను. అందినట్టు సంతకాలు పెట్టిన కార్డులు తిరిగొచ్చాయి. జవాబులు రాలేదు. ఎనిమిది నెలలు చూశాను. అది ఆ ఒక్క ఆసుపత్రి సంగతే అయితే అక్కడితో వదిలేసేవాణ్ణి. కానీ అదే జబ్బున్న కుటుంబాలను ఎన్నింటిని కదిపినా అందరూ అదే కథ చెబుతున్నారు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

గుండెపోటు తర్వాత ఎకో (గుండె స్కానింగ్) తీసి, పంపింగ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో బయటికి పంపే వంతు, 30 శాతమే ఉందన్నారు. డిశ్చార్జి కాగితంలో తొమ్మిది రకాల మాత్రలు, వాటి వేళలు, ఉప్పు తగ్గించమని, నీళ్లు లీటరున్నర దాటొద్దని వివరంగా రాశారు. చివర్లో ఒకే ఒక మాట, ‘రెస్ట్’. ఎన్నాళ్లు, ఎంత, అసలు నడవొచ్చా లేదా అని అడిగాను. “బరువు పనులు చెయ్యనివ్వకండి మాస్టారూ” అన్నారు. అప్పటికే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు. బయట బెంచీల మీద ఇంకా యాభై మంది ఉన్నారు. ఆ డాక్టరుగారికి తీరిక లేదని నాకు తెలుసు.

పద్నాలుగు నెలలు ఆమెను కదలనివ్వలేదు. మంచినీళ్ల గ్లాసు కూడా చేతికే అందించాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి “వదినా, నువ్వు లేవకు, మేం చేస్తాంగా” అంటూ అంట్లు తోమిపెట్టి వెళ్లేవారు. అందరం ప్రేమతోనే చేశాం. ఆ పద్నాలుగు నెలల్లో ఒంటికి నీరు పట్టి రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. జడ వేసుకోవాలంటే మధ్యలో రెండుసార్లు చేతులు దించి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకునేది. మూడోసారి కూడా ఆయాసం వస్తే జడ సగంలోనే వదిలేసి ముడి చుట్టుకునేది. ఆమె నా ఎదుట ఏడ్చింది ఆ సగం జడ గురించే.

కాలు విరిగిన పిల్లాడికి ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే పిక్క ఎంత సన్నబడుతుందో నేను ప్రతి ఏడూ చూసినవాణ్ణి. నా కళ్లముందే నా భార్య పిక్కలు అలా కరిగిపోతుంటే, ఇదంతా గుండె జబ్బే అనుకున్నాను. 31 ఏళ్లు పిల్లలచేత మైదానం చుట్టూ పరుగులు తీయించిన నాకు ఆ సంగతి తట్టకపోవడం ఈనాటికీ మింగుడుపడటం లేదు.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెబితే తెలిసింది. ఆ అమ్మాయి ఇచ్చిన పరిశోధన వ్యాసాలను మా అబ్బాయి చదివి అర్థం చెబుతుంటే, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మీకు తెలిసిన విషయాలే. అయినా మీ పేషెంట్ల ఇళ్లలో ఎవరికీ తెలియవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గుండె బలహీనపడగానే మెడ ధమనుల్లో, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనిలో ఒత్తిడిని కనిపెట్టే నరాల కొనలు మెదడుకు కబురు పంపుతాయి. రక్తం ఎక్కడో కారిపోతోందన్నట్టుగా మెదడు అప్రమత్తమై, ఒంటిని ఆపదకు సిద్ధం చేసే సింపథెటిక్ నాడులను ఉసిగొల్పుతుంది. దాంతో గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. గాయమై రక్తం పోతున్నవాడిని ఇదంతా బతికిస్తుంది. గుండె నీరసించినవాడికి మాత్రం నెలల తరబడి, ఏళ్ల తరబడి ఇదే సాగుతుంది. అలిసి కూలబడిన ఎద్దును ముల్లుకర్రతో పొడుస్తూనే ఉన్నట్టు. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు కూడా ఈలోగా సడలిపోతుంది.

నన్ను ఎక్కువగా కదిలించింది కండరాల సంగతి. కండరం పనిచేస్తున్నప్పుడు అందులోని నరాల కొనలు మెదడుకు సమాచారం పంపుతుంటాయి. కండరం కరిగిపోయి, చిన్న పనికే అలిసిపోయే స్థితికి వస్తే ఆ కొనలు నాలుగడుగులకే గగ్గోలు పెడతాయి. ఆ గగ్గోలుకు ఆయాసం పెరుగుతుంది, సింపథెటిక్ నాడులు ఇంకా రెచ్చిపోతాయి. ఆయాసం వచ్చిందని మనిషిని మళ్లీ కూర్చోబెడతాం. కండరం ఇంకా కరుగుతుంది. పద్నాలుగు నెలలు మా ఇంట్లో నడిచింది ఇదే.

ఈ నాడుల ఉద్రేకం చిన్న విషయం కాదని అమెరికా గుండె వైద్యుడు జే కోన్ బృందం 1984లోనే చూపించింది. 106 మంది రోగుల రక్తంలో, ఆ నాడులు విడుదల చేసే నార్ఎపినెఫ్రిన్ అనే రసాయనాన్ని కొలిస్తే, అది ఎక్కువగా ఉన్నవాళ్లు త్వరగా చనిపోతున్నారని తేలింది. మీరు రాసే కార్వెడిలాల్, మెటోప్రొలాల్ ఆ ఉద్రేకం దెబ్బ గుండెకు తగలకుండా అడ్డుపడేవే కదా. ఒకప్పుడు ఈ జబ్బుకు బీటా బ్లాకర్లు అనే ఈ రకం మాత్రలు ఇవ్వకూడదని పాఠం చెప్పేవారు. 1975లో స్వీడన్‌లో వాగ్‌స్టైన్ బృందం ఇచ్చి చూపించింది. ఇప్పుడు కారణం లేకుండా ఇవ్వకపోతే అదే తప్పు. వ్యాయామం విషయంలోనూ అలాంటి మార్పే జరిగిందని, అయితే అది మన డిశ్చార్జి కాగితాల దాకా రాలేదని నా బాధ.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ కోట్స్ బృందం 1992లో ప్రచురించిన ప్రయోగంలో 17 మంది రోగులు ఎనిమిది వారాలు ఇంటి దగ్గరే వ్యాయామ సైకిలు తొక్కారు. ఒంట్లో నార్ఎపినెఫ్రిన్ విడుదల 16 శాతం తగ్గింది. వేగస్ నాడి పట్టు తిరిగి వస్తున్న గుర్తులు గుండె లయలో కనిపించాయి. బ్రెజిల్‌లోని సావో పాలోలో 2003లో ప్రచురించిన పరిశోధన ఇంకా సూటిగా చూసింది. మోకాలి పక్కగా చర్మం కింద పోయే నరంలోకి వెంట్రుకలాంటి సూదిని దించి, ఆ నరం నిమిషానికి ఎన్నిసార్లు సంకేతం పంపుతోందో లెక్కపెట్టారు. జబ్బు ముదిరిన రోగులచేత వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు నెలలు వ్యాయామం చేయించి మళ్లీ లెక్కిస్తే, ఆ సంకేతాలు ఆరోగ్యవంతుల స్థాయికి దిగివచ్చాయి. వ్యాయామం చేయనివాళ్లలో దిగలేదు. మాత్ర వాడుతున్నప్పుడు వ్యాయామం వేరుగా ఏం చేస్తుందిలే అనుకోవడానికీ లేదు. కార్వెడిలాల్ వాడుతున్న రోగుల్లో కూడా వ్యాయామం నాడుల ఉద్రేకాన్ని తగ్గించిందని 2007లో మరో పరిశోధన చూపింది.

ఇవన్నీ కొద్దిమందితో చేసిన ప్రయోగాలని మీరంటారు. నిజమే. పెద్దది ‘హెచ్‌ఎఫ్-యాక్షన్’, 2009లో ఫలితాలు వచ్చాయి. అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో 2,331 మంది. మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే మొదటి లెక్కలో వచ్చిన తేడా గట్టిగా చెప్పుకోదగ్గది కాదు. రోగుల స్థితిగతులను సరిచూసి లెక్కగడితే 11 శాతం తగ్గుదల కనిపించింది. వ్యాయామం ప్రాణం నిలబెడుతుందని నేను వాదించను. కానీ గుండె ఇంత బలహీనంగా ఉన్నవాళ్లతో చేయించినా అది ప్రమాదకరం కాదని ఆ ప్రయోగమే తేల్చింది. 2019లో వైద్య ప్రయోగాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు 44 ప్రయోగాలను, 5,783 మంది రోగులను కలిపి చూసినప్పుడు కూడా మరణాల్లో ఏడాదిలోపు స్పష్టమైన తేడా లేదు. ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తగ్గింది, బతుకు తేలికైంది. ఒక్కసారి ఆసుపత్రి చేరిక తప్పడమంటే ఏమిటో, ఐసీయూ బయట చాప పరుచుకుని పడుకున్నవాళ్లను అడగండి.

యూరప్ గుండె వైద్యుల సంఘం 2021లో, అమెరికా సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చేయగలిగిన రోగులకు వ్యాయామాన్ని మొదటి తరగతి సిఫారసుగా పెట్టాయి. మాత్రలకు ఇచ్చే తరగతే అది.

ఇది అందకపోవడం వల్ల మామూలు జనానికి జరుగుతున్నదేమిటో నేను చూసినంతవరకు చెబుతాను.

1. కూడు పోతోంది. తిరువనంతపురం జిల్లాలో 2013లో గుండె వైఫల్యంతో 18 ఆసుపత్రుల్లో చేరిన 1,205 మంది సగటు వయసు 61. అంటే మన దేశంలో ఈ జబ్బు ఇంకా సంపాదిస్తున్న వయసులోనే చాలామందిని పట్టుకుంటోంది. మా వీధిలో మార్కెట్ యార్డు హమాలీ ఒకాయన ఉన్నాడు, 51 ఏళ్లు. బస్తా మొయ్యొద్దన్నారు, సరే. ఏ పని చెయ్యొచ్చో మాత్రం ఎవరూ చెప్పలేదు. తోపుడుబండి పెట్టుకోవచ్చా, గేటు దగ్గర కాపలాకు కూర్చోవచ్చా? ఎంత శ్రమ తట్టుకోగలడో కొలిచి చెప్పేవాళ్లు లేక రెండేళ్లుగా అరుగు మీదే ఉన్నాడు. ఇప్పుడు ఆయన భార్య మిరపకోతలకు పోతోంది.

2. ఆడవాళ్లకు రెండు విధాలా నష్టం. చేసిపెట్టేవాళ్లున్న ఇంట్లో నా భార్యలా మంచానికి అతుక్కుపోతారు. లేని ఇంట్లో డాక్టరు వద్దన్నారన్న భయం మోస్తూనే బిందెలు మోస్తారు, ఆయాసం వస్తే దాచుకుంటారు. ఏ పనికి ఎంతసేపు ఆగాలో, రెండు బిందెల బదులు నాలుగు చెంబులుగా ఎలా తేవాలో వాళ్లకు చెప్పే మనిషి ఎక్కడా లేరు.

3. డబ్బు ఆసుపత్రి చేరికలకే పోతోంది. మా హెల్త్ కార్డు మీద స్టెంటుకు డబ్బు వచ్చింది. నీరు పట్టి చేరిన రెండుసార్లూ వచ్చింది. మళ్లీ చేరకుండా ఆపగలిగే శిక్షణకు మాత్రం రూపాయి లేదన్నారు. ఫిజియోథెరపీకి మా జేబులోంచే పెట్టుకున్నాం. నాకు పెన్షనుంది కాబట్టి సరిపోయింది. పైన చెప్పిన హమాలీకి ఏముంది?

4. భయం ఇంటిల్లిపాదినీ పట్టుకుంటోంది. మెట్టు ఎక్కినా, మనవణ్ణి ఎత్తుకున్నా గుండె ఆగిపోతుందేమోనని. రాత్రిళ్లు ఆమె ఊపిరి వినపడుతోందా లేదా అని నేను లేచి చూసేవాణ్ణి. ఏది చెయ్యొచ్చో తెలియని ఇంట్లో ఏదీ చెయ్యనివ్వరు. ఆ మనిషి నెమ్మదిగా మాటలు కూడా తగ్గించేస్తుంది.

5. తెలియక వేరే దారి పట్టేవాళ్లూ ఉన్నారు. ఫోన్‌లో వీడియోలు చూసి, జబ్బు కుదుటపడకుండానే పొద్దున్నే పరుగు మొదలుపెడతారు. మీరు చెప్పకుండా వదిలేసిన చోటులోకి ఎవరో ఒకరు వచ్చి చెబుతారు.

ఇక మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. డాక్టరుగారు మళ్లీ పరీక్షించి, కుదుటపడింది, మొదలుపెట్టొచ్చు అన్నాకే ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టింది. దానికి కావలసింది 30 మీటర్ల వసారా, ఒక కుర్చీ, ఒక స్టాప్‌వాచీ. నా భార్య మధ్యలో మూడుసార్లు ఆగి 230 మీటర్లు నడిచింది. ఇంటికొచ్చి పెరట్లో నేను సున్నంతో గీత గీశాను, స్కూల్లో ట్రాకు గీసినట్టే. మొదటి వారం ఐదేసి నిమిషాలు, రోజుకు రెండుసార్లు. నాకు అలవాటు కొద్దీ నాడి పట్టుకుని 220లోంచి వయసు తీసేసి లెక్కలు వేయబోతే ఆ అమ్మాయి ఆపింది. “సార్, బీటా బ్లాకరు వాడేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. నడుస్తూ మీతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతే కొలత” అంది. నా సర్వీసంతా పిల్లలకు నాడి లెక్కే చెప్పాను. ఈ మాట ఏ శిక్షణ తరగతిలోనూ నాకెవరూ చెప్పలేదు. మూడో వారం నుంచి కుర్చీలోంచి లేచి కూర్చోవడం, అర లీటరు నీళ్ల సీసాలు చేతుల్తో ఎత్తడం చేర్చింది. పొద్దున్నే బరువు తూచి రాసుకోమంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆ రోజుకు ఆపేసి ఫోన్ చెయ్యమంది. మూడు నెలలకు 310 మీటర్లు నడిచింది, ఆగకుండా. ఆ తర్వాత ఒక శుక్రవారం, తలంటు పోసుకుని వచ్చి అద్దం ముందు నిలబడి చివరిదాకా జడ అల్లుకుంది. పంపింగ్ పెద్దగా మారలేదు, ఎకోలో 33 అన్నారు. మారింది మిగతా ఒళ్లు.

ఇది ఖరీదైన దేశాలకే సాధ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2014 నుంచి పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉండి, నిలకడగా ఉన్న రోగులకు 36 వ్యాయామ శిక్షణ తరగతుల దాకా డబ్బు కడుతోంది. మనం అంత పెట్టలేకపోవచ్చు. కానీ బ్రిటన్‌లో 216 మంది రోగులతో చేసిన ప్రయోగంలో సుమారు సగంమందికి ఇంటి దగ్గరే చేసుకునే పద్ధతి నేర్పి చూస్తే వాళ్ల జీవితం మెరుగుపడిందని తేలింది. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో ‘యోగా-కేర్’ ప్రయోగం జరిగింది. మూడు నెలల్లో 13 తరగతులు. 2020లో వచ్చిన ఫలితాల్లో మరణాలు, గుండెపోట్ల విషయంలో స్పష్టమైన తేడా తేలకపోయినా, యోగా నేర్చుకున్నవాళ్లు తమ పాత పనుల్లోకి బాగా తిరిగి రాగలిగారు. అది గుండె వైఫల్యం మీద చేసింది కాదు, నాకు తెలుసు. భారతదేశంలోని ఆసుపత్రులు పెద్ద యంత్రాలు లేకుండానే ఇలాంటి తరగతులు నడపగలవనడానికి మాత్రం అది సాక్ష్యం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

1. డిశ్చార్జి కాగితంలో ‘రెస్ట్’ అన్న ఒంటరి మాట తీసెయ్యండి. మాత్రకు రాసినట్టే వ్యాయామానికీ మోతాదు రాయండి: ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్ని రోజులు, ఏది కనిపిస్తే ఆపాలి. అది తెలుగులో ఉండాలి. వ్యాయామం ఇప్పుడే వద్దు అనుకున్న రోగికి ఆ మాటే రాయండి, ఎందుకు వద్దో, ఎప్పుడు మళ్లీ చూస్తారో కూడా.

2. గుండె వైఫల్యం రోగి డిశ్చార్జి అయ్యాక వచ్చే మొదటి చెకప్‌లో ఆరు నిమిషాల నడక పరీక్ష తప్పనిసరి చెయ్యండి. వసారా లేని ఆసుపత్రి నేనింతవరకు చూడలేదు.

3. ఆరోగ్య పథకాల్లో గుండె రోగుల వ్యాయామ శిక్షణను చికిత్సగా చేర్చండి. మొదట పర్యవేక్షణలో కనీసం 12 తరగతులు, తర్వాత ఇంటి దగ్గర చేస్తుంటే నెలకోసారి ఫోన్. మూడు నెలలకు మానేస్తే వచ్చిన లాభం కరిగిపోతుంది కాబట్టి ఏడాదిపాటైనా వెంట ఉండాలి.

4. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ పని తెలిసిన ఒక ఫిజియోథెరపిస్టును, ఒక నర్సును నియమించండి. మన కాలేజీల నుంచి ఏటా ఫిజియోథెరపీ చదివి బయటికొస్తున్న పిల్లలు ఉద్యోగాల్లేక తిరుగుతున్నారు.

5. పల్లెల్లో ఏఎన్‌ఎంలకు, ఆశ కార్యకర్తలకు రెండు విషయాలు నేర్పండి: బరువు, వాపు చూడటం, నడక అడగటం. “మాత్రలు వేసుకున్నావా అక్కా” అని అడిగే నోటితోనే “ఇవాళ ఎంతసేపు నడిచావు” అని అడిగితే చాలు.

6. ఎంతమంది గుండె వైఫల్యం రోగులకు వ్యాయామం రాశారో, అందులో ఆడవాళ్లెందరో లెక్క ఉంచి ఏటా ప్రకటించండి.

ఈ ఉత్తరం చదివే రోగులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఒక మాట. నా భార్య నడిచిందని మీరు రేపే మొదలుపెట్టకండి. కొత్తగా నీరు పట్టినవాళ్లు, కవాటం బాగా బిగుసుకుపోయినవాళ్లు, గుండె లయ అదుపులో లేనివాళ్లు ముందు వైద్యం చేయించుకోవాలి. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు మాత్రం, మాత్రల చీటీ చేతిలోకి తీసుకున్నాక కుర్చీలోంచి లేవకండి. “డాక్టరుగారూ, నేనెంత నడవొచ్చు?” అని అడగండి. అంకెల్లో జవాబు వచ్చేదాకా అడగండి.

అధికారులకు ఈ లేఖ ప్రతిని మళ్లీ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. 60 రోజుల్లోగా, పైన అడిగిన ఆరింటిలో ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాను. మా మండలంలో ఒక ఫిజియోథెరపిస్టును వారానికి ఒక్కరోజు పంపినా చాలు. హైస్కూలు హెడ్మాస్టరుగారితో మాట్లాడాను, సాయంత్రం ఐదు తర్వాత మైదానం ఇస్తామన్నారు. గీతలు గీయడం, కుర్చీలు వేయడం, వచ్చినవాళ్ల బరువు తూచి పుస్తకంలో రాయడం జీతం లేకుండా నేను చేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామోపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా